బతికున్న మారెప్పకు స్మారక శిల

18 జనవరి 2000, రాయదుర్గం

బతికున్న మనిషిని నా ఉలితోనే చంపించారు. రిపబ్లిక్ డేకి కావాలని స్మారక కమిటీ వాళ్లు ఆర్డరిస్తే నాలుగు రోజులు కూర్చుని నల్లరాయి మీద 'అమరవీరుడు మారెప్ప' అని చెక్కాను. సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం తెచ్చిన మనిషి, మా పక్క మనిషి! ప్రతి అక్షరానికీ ఒళ్లు పులకరించింది. పొద్దున షెడ్డుకు వచ్చిన గొర్రెల వ్యాపారి రాయి చూసి, ఏమప్పా, నిన్న సంతలో నాతో బేరమాడినాడే, ఎప్పుడు సచ్చినాడు అని అడిగాడు.

19 జనవరి

మారెప్ప ఊరు గుమ్మఘట్ట పోయాను. ఉన్నాడు! ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంది. కుడిచేత్తో గొర్రెకు మందు తాగిస్తున్నాడు. పతకం చూపించమంటే, పెట్టెలో ఉండాదిలే, ముందు దీని కాళ్లు పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. రాయి సంగతి చెప్పగానే పగలబడి నవ్వాడు, నేను పోయినట్టు నాకెవురూ చెప్పలేదే అని.

ఆయన భార్య హనుమక్క నవ్వలేదు. నా నుదుట బొట్టుండంగానే రాయి నిలబెడతారా, చెక్కిన చెయ్యి నీదేనా అంది.

నేను బస్సెక్కేముందు మారెప్ప మెల్లగా అడిగాడు, రాయి నిలబెట్టే పొద్దు నన్నూ రానిస్తారా అని.

20 జనవరి

కమిటీ ప్రెసిడెంటు సంతోషిస్తాడనుకున్నా. నా పిచ్చి. అంత పెద్ద పతకం బతికుండేటోళ్లకి గూడా ఇస్తారని ఎవురికి తెలుసప్పా అన్నాడు. కార్డులు పంచేసినాం, మినిస్టరు వస్తాండాడు, ఆ ఒక్క పొద్దు ఆయప్పను ఇంట్లోనే ఉండమను అన్నాడు. మా ఓనరు రామాంజులన్న తలూపాడు.

వీళ్లకు చచ్చినవాడే కావాలి. చచ్చినవాడు వేదిక మీద చోటడగడు.

21 జనవరి

నిద్ర లేదు. కోపం.

22 జనవరి, రాత్రి

చేసేశాను! ఓనరు అనంతపురం పోగానే గ్రైండింగ్ మిషను ఆన్ చేశా. చెక్కిన అక్షరం చెరిపితే పోదు, రాయి ముఖమంతా అరగదీయాలి. మూడు గంటలు పట్టింది. 'అమరవీరుడు' పోయింది, కింద కమిటీ వాళ్ల పదకొండు పేర్లూ పోయాయి. ఒళ్లంతా దుమ్ముతో ఒక్కణ్నే నవ్వుతూ నిలబడ్డా.

రామాంజులన్న వచ్చి చూసి, నీ పని అయిపోయినట్టేరా అని అరిచాడు. పోనీ. బడికి పోలేదు, అక్షరాలు రాళ్ల మీదే నేర్చుకున్నా. ఈ మూడు రోజుల్లో ఈ రాయి చెక్కేవాణ్ని ఇంకొకణ్ని తెచ్చుకోమను చూద్దాం!

23 జనవరి

ప్రెసిడెంటుకు పంపిన చీటీ:

రాయి నున్నగా ఉంది. మీరే గుమ్మఘట్ట పోయి హనుమక్క ముందర మారెప్పను పిలవండి. వేదిక మీద నడిమి కుర్చీ ఆయనది. అప్పుడే ఉలి పడతా, రాత్రీ పగలూ కూర్చుని ఇరవయ్యారుకు ముగిస్తా. రేపు పొద్దున పదికల్లా జవాబు చెప్పండి. పది దాటిందా, మినిస్టరు ఉత్త రాయికి ముసుగు తీస్తాడు.