కొంగు చివరి పోగు

అమ్మకి, నేనిక్కడ కులాసా. ఫోన్లో చెబితే సగంలోనే తిట్లు మొదలెడతావని కార్డు రాస్తున్నాను. మైత్రీవనం కోచింగ్ సెంటర్లో నాకు ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చే డెమో క్లాసు నిన్న అయింది. పాఠం భూమి వయసు. నువ్విచ్చిన పట్టుచీర గది పొడవునా పరిచేశాను. ఆ కొసన భూమి పుట్టింది, కొంగులోకి వచ్చాకగానీ రాక్షసబల్లులు లేవు, మనుషులం ఈ చివరి పోగు అన్నాను. ముందు బెంచీ యశస్విని పోగు పట్టుకు చూడబోతే ఊడి చేతికొచ్చింది. "మనుషులు పోయిన్రు మేడం, చీరకేం గాలే!" అంది. క్లాసంతా నవ్వి, అంతలోనే ఆ పోగుని చేతులు మార్చుకుంటూ చూసింది. ఉద్యోగం నాదే.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? కందిపొడి పంపు. పోగులు ఊడకుండా కొంగుకి ముడులు వేయించుకోమని మాత్రం చెప్పకు. బ్యాచ్‌కో పోగు లాగిస్తాను. నాన్నకి నమస్కారాలు, తమ్ముడు తేజకి ఆశీస్సులు. చీరకేం కాదులే.

మంజూష, పంజాగుట్ట