వదులుగా కట్టిన కట్టు

చోళపురంలో ఉన్న అమ్మకు,

ముత్తుసెల్వి రాస్తున్నది. ఫోన్లో అంటే మధ్యలోనే ఏడ్చి పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా వినక తప్పదు.

నా పెద్దది శరణ్యకు ఇంకా ఎనిమిది నిండలేదు. పోయిన నెల తలంటుతుంటే ఎద దగ్గర నొప్పి అన్నది. పెద్దమనిషి అయ్యే రోజులు దగ్గరపడ్డాయని నాకు అర్థమైపోయింది. పన్నెండేళ్లకు నేను పెద్దమనిషి అయినప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా? పచ్చి కొబ్బరాకులు, ఆ ఓలలతో కట్టిన గుడిసెలో కూర్చోబెట్టావు. మేనమామ సీరు అని చీరా నగా తెచ్చాడు, పసుపు నీళ్లు పోశారు, ఊరంతా తిని పోయింది. ఆ తర్వాతి వారమే నా స్కూలు సంచిలో పుస్తకాలు తీసేసి, టిఫిన్ డబ్బా పెట్టి మిల్లుకు పంపావు. ఆ కోపం ఇవాళ్టికీ పోలేదు.

అందుకే శరణ్యకు ఆ ఈడు రానీయకుండా ఆపుతున్నాను. నేను పనిచేసేది బ్యాండేజి మిల్లులో కదా, పక్కన పారేసిన కట్టుగుడ్డ చుట్ట ఒకటి తెచ్చాను. రోజూ స్కూలుకు పోయేముందు పిల్ల ఎద చుట్టూ బిగించి కడుతున్నాను. "నేనేం తప్పు చేసినానమ్మా?" అంటుంది. చెప్పను. చెబితే ఇంకా తొందరగా వస్తుందని భయం. ఏడిస్తే ఇంకో చుట్టు వేస్తాను. నీ కూతుర్నే కదా, ఇంకెలా ఉంటాను?

నీ ముత్తుసెల్వి

*

అమ్మా,

నీ జవాబు అందింది. "పెద్దమనిషి సడంగు ఎప్పుడు? సీరు తెచ్చే మేనమామ, నీ తమ్ముడికి ముందే చెప్పాల" అని రెండే ముక్కలు రాయించావు. చదివి పిచ్చిదానిలా నవ్వాను.

మంగళవారం శరణ్య స్కూల్లో ప్రేయర్ జరుగుతుంటే ఊపిరాడక పడిపోయింది. టీచరు ఆస్పత్రికి తీసుకుపోయి నన్ను పిలిపించింది. డాక్టరమ్మ కట్టు విప్పితే ఎద చుట్టూ వాతలు. "ఎనిమిదిలోపే ఇట్లా అయితే మాకు చూపించాల. కావాలంటే మందు ఉంది. కడితే ఆగుతుందని నీకెవరు చెప్పినారు? బిడ్డకు ఏమని చెప్పినావు?" అని అడిగింది. ఏమీ చెప్పలేదన్నాను.

ఇంటికొచ్చాక ఆ గుడ్డ చుట్టను పొయ్యిలో వేద్దామని వెతికితే కనపడలేదు. లోపలి గదిలో శరణ్య చెల్లెల్ని గోడకు నిలబెట్టి ఆ గుడ్డే చుడుతున్నది. జననికి నాలుగేళ్లు. నోటి మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా నిలబడింది.

"ఏం చేస్తావుండావే?"

"నేను వదులుగానే కడతాండానమ్మా. నువ్వు కట్టేలోపల దానికి అలవాటు కావాల గదా. ఏడవద్దని చెప్పినాను."

నేనే ఏడ్చాను. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టుకుని, ఆడపిల్ల ఒళ్లు ఎట్లా పెరుగుతుందో నాకు తెలిసిందంతా చెప్పాను. సడంగు చేయను, ఓలలు కొట్టించకు. శరణ్య చదువుతుంది.

అంతా విని శరణ్య ఒక్కటే అడిగింది. "నా తప్పేం లేదని నీకు ముందే తెలుసా?"

పన్నెండేళ్లప్పుడు నిన్ను నేను అడగలేకపోయిన మాట అది. దానికి ఏం చెప్పాలో నువ్వే రాయించు.

ముత్తుసెల్వి