కౌంటెస్ గారి కొడుకు

1984 ఫిబ్రవరి 9, గురువారం. నోవై, అమెరికా.

రెండుసార్లు పడుకుని లేచాను. నిద్ర రావడం లేదు.

పొద్దున వార్డులో కౌంటెస్ గారు తన కొడుకు సంగతి చెప్పింది. ఇంగ్లండు నుంచి ఇక్కడ కూతురింటికొచ్చి, మంచులో జారి కాలు విరగ్గొట్టుకున్న జమీందారిణి. వాళ్ల వంశంలో మగపిల్లల్ని ఏడేళ్లకే హాస్టల్‌కి పంపేస్తారట. స్టేషన్‌లో వాడు ఏడవలేదట, పెద్దమనిషిలా షేక్‌హ్యాండిచ్చి రైలెక్కాడట.

"ఇప్పటికీ వస్తే షేక్‌హ్యాండే ఇస్తాడు, డాక్టర్," అంది.

ఛీ, ఇదేం తల్లి అనుకున్నాను. ఇంటికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆవిణ్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నాకెందుకంత కోపం? మా పాప చిట్టిని నేను విజయవాడలో మా అమ్మ దగ్గరికి పంపేసింది దాని పది నెలలప్పుడు. నా రెసిడెన్సీ ట్రైనింగ్ అయ్యేదాకానే అనుకున్నాం. మూడేళ్లవుతోంది.

రాత్రి తొమ్మిదింటికి విజయవాడకి ఫోన్ కలిసింది. అక్కడ అప్పుడే తెల్లారింది.

"ఏం చేస్తున్నావే చిట్టీ?"

"జడ వేయించుకుంటున్నా."

"ఎవరు వేస్తున్నారు?"

"అమ్మ."

వెనక నుంచి మా అమ్మ గాభరాగా, "నేను అమ్మమ్మనే! ఫోన్‌లో ఉన్నది మీ అమ్మ. మాట్లాడు," అంది.

చిట్టి బుద్ధిగా, ఇంటికొచ్చిన చుట్టాలతో అన్నట్టు, "నమస్కారమండీ," అంది.