భ్రమరాంబ గారి ఐదేళ్ళు

బీర్‌గావ్, రాయపూర్
3-8-2016

చిరంజీవి తమ్ముడు భీమారావుకి అక్క భ్రమరాంబ ఆశీస్సులు.

మేం క్షేమం అని రాయలేను. నా పిత్తాశయంలో రాళ్ళున్నాయట, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అరవై దాటిన పేదవాళ్ళకి ఆరోగ్య బీమా ప్రీమియం సర్కారే కడుతోంది. ఆ కార్డుంటే ఆపరేషన్‌కి మనం పైసా ఇవ్వక్కర్లేదు. మీ బావకి కార్డు వచ్చేసింది. నా కాగితాల్లో యాభై ఎనిమిదే ఉందని కార్డులిచ్చే క్యాంపులో గుమాస్తా బాబు నన్ను వెనక్కి పంపాడు.

పెళ్ళినాడు నాన్న నా వయసులో ఐదేళ్ళు మింగేసిన సంగతి నీకూ నాకే తెలుసు. మన ఊరి బడిలో అసలు వయసుకి సర్టిఫికెట్ తీసి పంపు. సెప్టెంబర్ పదో తారీఖుకి క్యాంపు ఎత్తేస్తారు.

ఇట్లు,
భ్రమరాంబ

తా.క.: ఫోన్ చెయ్యకు. మీ బావ స్పీకర్లో పెట్టి మొహల్లా అంతటికీ వినిపిస్తారు. ఆయనకి తెలుగు చదవడం రాదు, ఉత్తరమే నయం. ఆయనకంటే ఏడాది పెద్దదాన్నని తెలిస్తే ఏ మొహంతో అన్నం వడ్డించను?

టెక్కలి
9-8-2016

పూజ్యురాలైన అక్కకి నమస్కారాలు.

ఉత్తరం చూడగానే కనిపెట్టేశాను. ముత్యాల్లాంటి నీ అక్షరాలు ఈసారి వంకర్లు పోయాయి. బావకి అనుమానం వచ్చి, పక్కన కూర్చుని నీ చేత ఇదంతా రాయించారు. నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నారు, నేను నోరు విప్పను. నీకు యాభై ఎనిమిదేనని సర్పంచ్ చేత రాయించి, ముద్ర వేయించి పంపుతున్నాను.

నీ తమ్ముడు,
భీమారావు

తా.క.: బావా, ఇది ఎవరి చేతనైనా చదివించుకుంటుంటే మీకు నమస్కారం. మా అక్కకి యాభై ఎనిమిది కూడా ఎక్కువే.

బీర్‌గావ్
16-8-2016

ఒరే తమ్ముడూ,

అక్షరాలు వంకర్లు పోయింది కడుపునొప్పికిరా. నీ సర్పంచ్ ముద్ర చూశాక అది ఇంకాస్త పెరిగింది. రాస్తున్నది నేనే. చిన్నప్పుడు అమ్మ దాచిన బెల్లం తినేసి ఎలకల మీదికి నెట్టింది నువ్వే. ఇప్పటికైనా నమ్ముతావా?

ఇట్లు,
నీ అక్క

తా.క.: నాకు భయంగా ఉంది. త్వరగా పంపు.

టెక్కలి
22-8-2016

అక్కకి నమస్కారాలు.

బెల్లం సంగతి కూడా రాబట్టారంటే బావ నిన్ను ఎంత సతాయిస్తున్నారో అర్థమైంది. ధైర్యంగా ఉండు. పంతులు గారి చేత కొత్త జాతకం రాయించాను. అందులో నీకు యాభై ఐదే.

నీ తమ్ముడు,
భీమారావు

తా.క.: పంతులు గారు యాభై రెండు దాకా దిగుతానన్నారు. అప్పుడు నువ్వు నాకు చెల్లెలివైపోతావని నేనే ఆపాను.

బీర్‌గావ్
27-8-2016

చిరంజీవి బావమరిది భీమారావుకి అమ్మిరాజు ఆశీస్సులు.

నీ ఉత్తరాలు బియ్యం డబ్బాలో దొరికాయి. హిందీ పేపర్ చదువుతానని మీ అక్క నాకు తెలుగు చదవడం రాదనుకుంది. చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో ఉండి, ఒక్క ఏడాది మీ ఊరి బడిలోనే నాలుగో తరగతి చదివాను. ఐదో తరగతి లీడరు మీ అక్క. పదమూడో ఎక్కం తప్పానని నా చెవి మెలిపెట్టింది. పెళ్ళిచూపుల్లో తను నన్ను పోల్చుకోలేదు గానీ నేను చూడగానే గుర్తుపట్టాను. మీ నాన్నగారు అమ్మాయికి పదిహేడు అంటుంటే చెవి తడుముకుని సరేనన్నాను. పిల్ల నచ్చింది మరి.

ఇప్పుడు తను నొప్పితో ముడుచుకుపోతుంటే చూడలేకపోతున్నాను. రేపే బడికి వెళ్ళి పాత రిజిస్టర్ తీయించు. అసలు వయసు రాయించి స్పీడ్ పోస్టులో పంపు. తన కార్డు ఇంటికొచ్చిన రోజు నా కళ్ళజోడు కనిపించదు.

ఇట్లు,
మీ బావ అమ్మిరాజు

తా.క.: నాకు తెలుసని మీ అక్కతో అనకు. నలభై ఏళ్ళుగా 'పెద్దవారు, ముందు మీరు' అంటూ పులుసులో చేప తలకాయ నాకే వేస్తోంది.