ఖలాస్ అన్నాను గానీ చెయ్ అనలేదు

బ్నీద్ అల్ గార్, కువైట్
శుక్రవారం మధ్యాహ్నం

సుబ్బక్కకు,

నీ తమ్ముడు రమణ నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను, బావ బాగున్నాడు. ఆ రెండో మాట ఇంకోసారి చదువుకో, బావ బాగున్నాడు. నువ్వు, అత్త, పాప ఎలా ఉన్నారు? అత్త మోకాళ్ళకు పంపిన నూనె పనిచేసిందా? పాప ఏడవకుండా బడికి పోతోందా? అమ్మ అప్పుడప్పుడూ నీ దగ్గరికి వచ్చి వెళ్తోందా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన అత్త ఉంటుంది, సగం చెప్పగానే ఏడుపులు మొదలవుతాయి, మిగతా సగం ఎవరికీ వినబడదు. అందుకే సెలవు మీద రాయచోటికి వస్తున్న మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను. చివరిదాకా చదివాకే ఫోన్ చెయ్యి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. దుమ్ము లేచిందంటే ఎదురు బిల్డింగు కూడా కనిపించదు. నేను మిర్కాబ్‌లో ఆ బాక్సింగ్ జిమ్‌లోనే ఉన్నాను. నేల తుడవడం, చెమట గ్లౌజులు ఆరబెట్టడం, నీళ్ళు మోయడం, ఇదే పని. బావ ఆ కువైటీ ఇంట్లోనే డ్రైవరు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మంచివాడు, తిండికి లోటు లేదు. కానీ రొట్టె తిని తిని విసుగొచ్చి, సంగటి మీదికి మనసు పోయిన రోజు ఏ పనీ సాగదు. ఆ రోజున ఊరు మరీ గుర్తొస్తుంది.

శుక్రవారాలు బావ నా రూమ్‌కు వస్తాడు. నాతో పాటు జగిత్యాల మల్లేశ్ అని మేస్త్రీ ఉంటాడు. కోడికూర పొయ్యి మీద పెట్టి, ఫోన్‌లో పాత బాక్సింగ్ పోటీలు చూస్తాం. చూడటం తక్కువ, పోట్లాడుకోవడం ఎక్కువ. ఒక్క దెబ్బకు మనిషిని పడుకోబెట్టేవాళ్ళలో అందరికన్నా గొప్పవాడు ఎవడు, వాడి తర్వాత ఎవడు అన్నదే గొడవ. వాళ్ళ అసలు పేర్లు మాకు నోరు తిరగవు కాబట్టి మేమే పేర్లు పెట్టుకున్నాం. అన్నిటికన్నా పెద్ద బరువులో ఆడిన పాతకాలం ఆయన రోడ్డురోలర్. నడిమి బరువులో పక్కటెముకల కింద కొట్టి మనిషిని మడతపెట్టేవాడు కసాయి. అందరికన్నా తక్కువ బరువున్న ఎడమచేతివాటం వాడు తేలు.

నా ఓటు రోడ్డురోలర్‌కే. రోజూ బకెట్లు మోసేవాణ్ణి, బరువంటే నాకు గౌరవం. మల్లేశ్ కసాయి తరఫు.

"తల్కాయ మీద కొడితె ఎవడన్న పడ్తడు. పక్కల కొడితె సూడు, మనిషి నిలవడే ఉంటడు గని పానం వోయి మూలకు కూసుంటది. గదీ దెబ్బంటె" అంటాడు.

బావ మాత్రం ఎప్పుడూ తేలునే మొదట పెడతాడు.

"రోడ్డురోలర్ కొడితే పడేది బరువుకు రా. ఈ బక్కోనికి బరువు యాడిది? కొట్టేటోడు వేరు, ముగించేటోడు వేరు. అవతలోని మోకాళ్ళు వదులైనేది కనిపెట్టల్ల. రెప్ప కొట్టేలోపల పోయి పని ముగించల్ల. ఆ కన్ను తేలుకు ఉండాది" అంటాడు.

వారం వారం వరస మారుతుంది, కూర మాత్రం తప్పకుండా మాడుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకరోజు నన్ను తీసుకుపోవడానికి జిమ్‌కు వచ్చి, ఊరికే ఉండలేక బావ అక్కడ వేలాడే గుద్దుల సంచిని ఒక గుద్దు గుద్దాడు. గొలుసుతో సహా అది ఎగిరింది. మా కోచ్ ఈజిప్టు మనిషి, ఆయన చూశాడు. మర్నాటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా బావ చేతులకు గ్లౌజులే. పనివాళ్ళ పోటీ ఒకటి పెడుతున్నారు, అందులో దిగుతానన్నాడు.

లారీ పట్టా తాడు తెగి బావ ఎడమ కంటికి తగిలినప్పుడు తిరుపతి ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నది మనిద్దరమే కదా. తలకు మళ్ళీ గట్టి దెబ్బ తగిలితే ఆ కన్ను పోతుందని డాక్టరు చెప్పింది మనిద్దరికే. కన్ను పోతే స్టీరింగు పోతుంది, స్టీరింగు పోతే ఇక్కడ బావకు ఏముంది? ఆయన్ను విమానం ఎక్కించేటప్పుడు "ఆయన కన్ను నీ చేతుల్లో పెడుతున్నాను" అన్నావు నాతో. అది గుర్తొచ్చి, నాకెప్పుడూ లేని ధైర్యం తెచ్చుకుని అడ్డం పడ్డాను.

"బావా, అక్కకు నేనేం చెప్పల్ల?"

"ఏం చెప్పొద్దు. తలకు టోపీ ఉంటాది, మూడు రౌండ్లే. ఒరే రమణా, ఈడ దిగినప్పటి నుంచి అందురూ నన్ను డ్రైవర్ డ్రైవర్ అనేటోళ్ళే. నా పేరు నాకే మర్సిపోతాండాది. ఒక్కసారి నలుగురు నా పేరు పెట్టి అరిస్తే ఇంటా. అంతే. కోచ్ కాడ నువ్వు నోరు ఇప్పినావంటే నీకూ నాకూ మాటల్లేవ్."

ఆయన పక్కన మూలలో టవలు, నీళ్ళు పట్టుకుని నేనుంటానని మాత్రం పట్టుబట్టి ఒప్పించాను.

అవతలివాడు నేపాల్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు, మర్యాదస్తుడు. బరిలోకి దిగే ముందు నాకు కూడా దండం పెట్టాడు. కోచే రిఫరీ. మొదటి రౌండు బావదే. మల్లేశ్ ముందుండి అరిపించాడేమో, జిమ్ అంతా "గంగాధర్! గంగాధర్!" అని ఒకటే కేకలు. బావ మొహం చూడాలక్కా అప్పుడు, నీ పెళ్ళినాటి ఫోటోలో కూడా అంత వెలుగు లేదు.

రెండో రౌండులో బావ తలకు రెండు దెబ్బలు తగిలాయి. అవి పెద్దవేం కాదు. బావే తిరిగి పక్కటెముకల మీద ఒకటి ఇచ్చాడు, నేపాల్ అతని మోకాళ్ళు వదులయ్యాయి. ముగించాల్సిన క్షణం అదే. బావ కదల్లేదు. తల ఎడమకు తిప్పి, కోడి చూసినట్టు కుడికంటితో చూశాడు. నీకు తెలుసు కదా, దెబ్బ తగిలిన రోజుల్లో అన్నం పళ్ళెంలోకి కూడా అలాగే చూసేవాడు.

ఆట ఆపమనడానికి టవలు విసరాలన్నది కూడా తోచలేదు. "ఖలాస్! బావా, ఖలాస్!" అని గొంతు పగిలేలా అరిచాను.

ఇన్నేళ్ళు ఇక్కడే ఉన్నవాణ్ణి, నా నోట ఖలాస్ అంటే చాలు, అయిపోయింది, ఆపు అనే. కోచ్‌కూ అలాగే వినబడింది, ఆపడానికి చెయ్యెత్తి మధ్యలోకి వస్తున్నాడు. బావ కూడా ఆ ఇంట్లో రోజూ ఈ మాట వింటాడు. కానీ ఆ నిమిషంలో ఆయన చెవిలో పడింది రాయచోటి లారీ షెడ్డులోని ఖలాస్. వాణ్ణి ఖలాస్ చెయ్ అని విన్నాడు. కోచ్ చెయ్యి అడ్డం పడేలోపల ఎడమచేత్తో ఒక్కటి కొట్టాడు. నేపాల్ అతను చాప చుట్టినట్టు పడిపోయాడు.

మూల నుంచి ఆపమంటే ఆ మూలవాడు ఓడినట్టేనట, ఆ తర్వాత కొట్టిన దెబ్బ లెక్కలోకి రాదట. కోచ్ కిందపడిన మనిషిని లేపి కూర్చోబెట్టి, అతని చెయ్యే పైకెత్తాడు. నిలబడ్డవాడు ఓడిపోయాడు, పడ్డవాడు గెలిచాడు. అతనికి ఆ సంగతి అర్థం కాక చుట్టూ చూస్తున్నాడు పాపం. బావ నా మీదికి వచ్చాడు.

"నువ్వే గదరా ఖలాస్ జెయ్ అన్న్యావు!"

"ఖలాస్ అన్న్యా గానీ జెయ్ అన్లేదు బావా!"

కోచ్ కూడా వచ్చి "లేష్?" అన్నాడు. గెలిచేవాణ్ణి ఎందుకు ఆపావు అని. బావ కోచ్ వెనకాల నిలబడి వద్దని తల ఊపుతున్నాడు. నేను బావ వైపు చూడకుండా, నా ఎడమ కన్ను చూపించి "ఐన్ ముష్కిల్" అన్నాను. కంటిలో ఇబ్బంది ఉందని ఆ రెండు మాటల్లోనే చెప్పేశాను. కోచ్ బావ కుడికన్ను మూసి, పక్కగా వేళ్ళు ఆడించాడు. బావ మెల్లగా, "ఉసుళ్ళు ఎగిరినట్లు నల్లగా ఏందో కనపడతాండాది" అన్నాడు.

కోచ్ తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. బయట కూర్చున్నంత సేపూ నీకేం చెప్పాలో తోచక, దేవుళ్ళ పేర్లన్నీ వరసగా తలుచుకున్నాను. డాక్టరు బయటికి వచ్చి, కంటి లోపలి పొర కాస్త చిరిగిందని, లేజర్‌తో అతికించామని చెప్పాడు. ఇంకో రెండు దెబ్బలు తగిలి ఉంటే చూపు దక్కేది కాదన్నాడు. చూపు ఉంది అక్కా. కన్ను నిలిచింది. నిన్న మళ్ళీ చూపిస్తే, బండి నడపొచ్చని కూడా చెప్పారు.

బావ నాతో మాట్లాడటం మానేశాడు. ఓడిపోయినందుకు కాదు, కోచ్‌కు చెప్పినందుకు. పోయిన శుక్రవారం కూడా వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. మల్లేశ్ ఊరుకోలేదు.

"వరస మారిందిరో! రోడ్డురోలర్ లేదు, కసాయి లేదు, తేలు లేదు. ఫస్ట్ నంబర్ మన రమణ. ఒక్క మాటతోటి ఇద్దర్ని పండవెట్టిండు. ఏ బరువుల రాసుకోవాలె బై నిన్ను?"

గోడ వైపున్న బావ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడి ముందుకు వంగి చూశాను. నవ్వుతున్నాడు. "కూర మాడతాండాది సూడుపో" అన్నాడు నాతో. ఆ మాట వినడానికి ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

కోప్పడితే నన్ను కోప్పడు, ఆయన్ను ఏమీ అనొద్దు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చింతకాయ తొక్కు, కాస్త రాగిపిండి పంపు. అత్తకు, అమ్మకు నా దండాలు చెప్పు, పాపకు నా ముద్దులు. నీ దీవెన మా ఇద్దరి తలల మీద ఎప్పుడూ ఉండాలి, బావ తల మీద కాస్త ఎక్కువే ఉండాలి.

నీ ఆప్యాయత మీదే బతుకుతున్న తమ్ముడు,
రమణ

కింద ఉన్నది బావ చేతిరాత. కుడికన్ను మూసుకుని రాయమన్నాను.

సుబ్బా,
వీడు రాసిందంతా ఒంటికన్నుతోనే సదివినా. నువ్వు బయపడొద్దు. ఈ వరసలు వంకర పోలేదు సూడు. పోయింటే అది నా రాత, కన్ను తప్పు గాదు. ఇంగ బాక్సింగ్ ఖలాస్. మనూరి అర్థంలో గాదు, ఈడి అర్థంలో.
ఇట్లు,
డ్రైవర్ గంగాధర్