ఎండబోసిన ఉప్పు

అత్తమ్మా,

ఇవాళ నీ సంవత్సరికం. ఒక్క మాట చెప్పాలి.

మొన్న ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టడానికి నీ బిడ్డ సుజాత వచ్చింది. కాయలు తుడుస్తూ అడిగింది, "వదినె, ఉప్పు ఎండబోసినవా?"

"ఉప్పు ఎండబోసుడేంది?"

"అవ్వ మూడు దినాలు ఎండబోసేది గదా! పచ్చి ఉప్పేస్తే బూజు రాదా? నీకు చెప్పలేదా?"

నువ్వు చెప్పలేదు. నేను నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఇంటి పిల్లను, తొక్కు కొనుక్కుని తిన్నవాళ్ళం. పెళ్ళయిన మొదటి ఎండాకాలం కాయ కోయడం నుంచి నూనె పోయడం దాకా అన్నీ నేర్పావు, అదొక్కటి తప్ప. వానలు పడగానే జాడి నిండా బూజు. "దీని చెయ్యి మంచిది గాదు" అని వాడకట్టంతా వినేలా అన్నావు. ఆ ఏడు చెరకు తోటకు సద్దిలోకి ఉప్పూ కారమే తీసుకుపోయాం.

తర్వాత పద్దెనిమిదేళ్ళు నేను జాడి ముట్టలేదు. నా కొడుకు ముక్క అడిగినా నిన్నే పిలిచాను. నా చేతినే తిట్టుకున్నాను.

ఏటా తొక్కు పెట్టే ముందు, "నాలుగు దినాలు మీ అమ్మ దగ్గర ఉండి రాపో బిడ్డా" అని బస్సెక్కించేదానివి. ఆ ఒక్క మాటకే నీ కోపాలన్నీ మరిచిపోయేదాన్ని. అవి ఉప్పు ఎండే రోజులని ఇప్పుడు తెలిసింది.

ఈసారి ఉప్పు మూడు దినాలు ఎండబోసి నేనే తొక్కు పెట్టాను. నిన్న జోరువానలో జాడి మూత తీశాను. బూజు లేదు. ఇవాళ నీకు పెట్టిన విస్తరిలో మొదటి ముక్క నేనే వేశాను, ఈ చేత్తోనే.