ఇంగ్రిడ్ ఆంటీ అక్షరాలు

2021 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి
పాడర్‌బోర్న్, జర్మనీ

మా ఇంటి ఓనర్ ఇంగ్రిడ్ ఆంటీది నార్వే. మంచు మీద జారిపడి చెయ్యి విరిగింది. నార్వేలో వాళ్ల చెల్లెలు కరోనాతో హాస్పిటల్లో ఉంది. మాట్లాడలేదట, మెసేజ్ అయితే చదువుకుంటుందట.

"నువ్వు టైప్ చేసి పెడతావా?" అంది ఆంటీ.

నాకు నార్వీజియన్ ఒక్క ముక్క రాదు. లాప్‌టాప్‌లో కీబోర్డు భాష మార్చి, రెండు చుక్కలున్న జర్మన్ 'ఓ' కీ నొక్కితే అడ్డగీత గీసిన 'ఓ' (ø) పడింది.

"అదొక్కటే రాసినా మా భాషలో దీవి అని అర్థం."

ఒక్క అక్షరం, ఒక దీవి! చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నా.

ఆవిడ అక్షరం అక్షరం చెబుతుంటే వెతుక్కుంటూ కొట్టాను. పంపిన కాసేపటికే జవాబొచ్చింది. ఆంటీ చదివి పకపకా నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఏమందో అడగలేదు. నాకు అర్థం కాని మాటలు నా చేత్తోనే వెళ్లి, హాస్పిటల్లో ఉన్న మనిషిని పలికించాయి.

రేపు కూడా రమ్మంది. రేపటికి ఆ చెల్లెలు ఎలా ఉంటుందో...